నల్లబడిన గొడ్డలి

శ్వేతశృంగ పర్వతానికి నడుము దాకా సరళ వనం, నడుము పైన సింధూర వనం. ఆ రెండింటికీ మధ్య ఎవరో గీత గీసి హద్దు పెట్టినట్టు ఉంటుంది. కింది వనంలో చెట్లన్నీ నిటారుగా, ఒకదాని భుజం ఒకటి తాకకుండా నిలబడి, తలమీద మాత్రమే పచ్చటి సూదుల ఆకులు ధరించి, గాలి వీచినప్పుడల్లా దూరపు సముద్రంలా ఘోషిస్తాయి. వాటి మేని నుంచి తేనెరంగు బంక కారుతూ, ఆ పరిమళం కొండగాలిలో కలిసి ఆమడ దూరం వ్యాపిస్తుంది. పై వనం పోకడ వేరు. అక్కడి వృక్షాలు కురచ, లావు. పగుళ్లు తేరిన బెరడు, వంకరలు తిరిగిన బాహువులు, కొమ్మకొమ్మకూ నాచు, నాచు కొసన నీటి బొట్టు. సింధూర వృక్షమంటే నొసటి బొట్టుకు సంబంధించిన చెట్టని భ్రమపడేరు, కాదు. టోపీ పెట్టుకున్న చిన్న చిన్న కాయలు కాసే మొండి చెట్టు అది. నాటినవాడు దాని నీడన నడుము వాల్చాలంటే జుట్టు నెరిసేదాకా ఆగవలసిందే.

ఆ ఉదయం సరళ వనంలో, ఎండిన సూదుల మీద కాలు జారకుండా ఆచితూచి అడుగులు వేస్తూ, భుజాన గొడ్డలితో ఒక యువకుడు ఒంటరిగా కొండ ఎక్కుతున్నాడు. నడుముకు బంక నింపిన కొమ్ము వేలాడుతోంది. చూడబోతే బంక తీసే పనివాడు. నిజానికి అతడు సరళావతీ రాజ్యానికి యువరాజు, పేరు శరభుడు.

యువరాజన్న మాట అతడు తప్ప భూమండలం మీద మరో ప్రాణి ఒప్పుకోదు. కిందటి శరత్తులో వేటకు వెళ్లి దారి తప్పిన శరభుడికి జంబుకాక్షుడనే మాంత్రికుడు దాహం తీరుస్తానని మంత్రజలం తాగించి, నిద్రలో అతడి ముఖాన్ని అపహరించాడు. ఆ ముఖం తగిలించుకుని నేరుగా కోటలోకి పోయి, యువరాజునంటూ రత్నపీఠం మీద కూర్చున్నాడు. పోతూ పోతూ శరభుడికి బదులుగా ఒక ముఖం తగిలించి పోయాడు. అందవికారమైనదా అంటే కాదు, అందమైనదీ కాదు. చూసినవాడు చూపు పక్కకు తిప్పగానే మరిచిపోయే ముఖం అది.

దానికంటే ఏ పులి నోటనో పడ్డా బాగుండేదని శరభుడు చాలాసార్లు అనుకున్నాడు. పూటకూళ్ల ఇంట్లో విస్తరి వేసిన ఇల్లాలు కూర తేవడానికి లోపలికి వెళ్లి వచ్చి, "ఎవరయ్యా నువ్వు, పిలవకుండానే పంక్తిలో కూర్చున్నావు?" అని లేపేసేది. దారిలో స్నేహం కలిసిన బాటసారి చెప్పు సవరించుకోవడానికి వంగి, లేచి, పలకరించకుండానే సాగిపోయేవాడు. తాను పెంచిన గుర్రమే తనను చూసి చెవులు వెనక్కి పెట్టింది. సంవత్సరం గడిచేసరికి శరభుడికి మాట్లాడే అలవాటు తప్పింది. ఎవరితోనైనా మాట మొదలుపెట్టడం, వాళ్లు తల తిప్పగానే మళ్లీ మొదటికి రావడం. ఆ బాధకంటే మౌనం నయమనిపించింది.

అయినా ఆశ చావలేదు. పాతాళ గుహలో బందీగా ఉన్న ముసలి యక్షిణిని సంకెళ్లు తెంచి విడిపిస్తే, ఆవిడ కృతజ్ఞతతో రహస్యం చెప్పింది. "జంబుకాక్షుడి ప్రాణం శ్వేతశృంగం మీది సింధూర వనంలో, అడవిపంది కాపలా కాసే ముసలి చెట్టులో ఉంది. ఆ చెట్టు కూలితే వాడు కూలతాడు. రాబోయే పౌర్ణమికి వాడికి పట్టాభిషేకం జరగబోతోంది. కిరీటం తలకెక్కిందంటే నీ ముఖం ఇక శాశ్వతంగా వాడిదే. ఇంకేమైనా అడుగుతావా?" అన్నది. శరభుడికి అడగవలసిందేమీ తోచలేదు.

అదీ సంగతి. పౌర్ణమి ఎంతో దూరంలో లేదు. తల్లి హైమవతీదేవి తనను చూసి "నాయనా" అనే రోజు రావాలంటే ఆ ముసలి చెట్టు కూలాలి.

శరభుడు సరళ వనంలో సగం దూరం ఎక్కాడో లేదో, నెత్తిమీద రెక్కల చప్పుడైంది. తల ఎత్తి చూస్తే ముక్కున కణకణలాడే నిప్పుతో ఒక పెద్ద కాకి! జంబుకాక్షుడి అగ్నికాకి అది. వనానికి గొడ్డలితో వచ్చే ఎవరినైనా సరే కాల్చేయమని దానికి ఆజ్ఞ. కాకి ముక్కు తెరిచింది. నిప్పుకణిక జారి ఎండుసూదుల మీద పడింది.

అంతే. ఎండిన సరళపు ఆకుకు నిప్పు తగలడమంటే మాటలా? బుస్సుమని మంట లేచి, కొండవాలు మీద పైకి ఎగబాకింది. బంక కారే మానులు ఒక్కొక్కటే నిలువునా భగ్గుమన్నాయి. కాయలు ఫట్ ఫట్‌మని పేలుతూ నిప్పు రవ్వలను బాణాల్లా విసిరాయి. శరభుడు గొడ్డలి చంకన పెట్టుకుని ప్రాణాలు అరచేత పట్టుకుని పైకి పరుగు తీశాడు. సూదుల మీద కాలు జారింది, మోకాళ్లు గీరుకున్నాయి, ఉత్తరీయం అంటుకుంటే విప్పి పారేశాడు. వీపు వెనుక వేడి, ముందు పొగ. చిన్ననాటి నుంచి తాను ప్రాణంగా చూసుకున్న చెట్లు, తన ఊరికి ఇళ్లూ దీపాలూ ఇచ్చిన చెట్లు, ఇవాళ తన వెంటపడి తరుముతున్నాయి. వీటికి కూడా నేను గుర్తులేనా అన్న ఆలోచన ఆ పరుగులో కూడా అతణ్ణి పొడిచింది.

ఒక్క గంతులో హద్దు దాటి సింధూర వనంలో పడ్డాడు. పడ్డచోట నేల మెత్తగా, చల్లగా, తడిగా ఉంది. ఏళ్ల తరబడి రాలి మురిగిన ఆకు మోకాలి లోతు పరుచుకుని ఉంది. వెన్నంటి వచ్చిన మంట హద్దు దగ్గర ఆగి, తడి ఆకుల మీద నాలుక చాపి చూసి, చుయ్యిమని చల్లారిపోయింది. కాకి చెట్ల మీద రెండు చుట్లు తిరిగి, దట్టమైన గుబుర్లలో మనిషి కనబడక కావుకావుమంటూ వెనక్కి పోయింది.

శరభుడు పడిలేస్తూ నాలుగడుగులు వేసేసరికి గలగలమని ఊట. ఊట పక్కన గుడిసె. గుడిసె ముందు పెద్ద పెద్ద బానల్లో బెరడు నానబెట్టిన ఎర్రనీళ్లు, ఆ నీళ్లలో మునిగిన మేకతోళ్లు. తోళ్లు పదును చేసే ముత్తవ్వ అనే ముసలామె అక్కడ ఒంటరిగా ఉంటోంది. కర్ర పుచ్చుకుని తోళ్లు తిప్పుతున్నదల్లా ఇతణ్ణి చూసి ఆగింది.

"ఎవరు నాయనా? ఏ ఊరోడివి? మొకమంతా మసేందీ?"

"సరళావతి నుంచి వస్తున్నానవ్వా. కింద అడవి అంటుకుంది."

"అంటుకోదా మరి! ఒళ్లంతా నూనె పూసుకుని నిలబడే చెట్లాయె. కూకో, అంబలి తాగుదువు గాని." ముత్తవ్వ చిప్పలో అంబలి పోసి ముందు పెట్టింది. "మా అడవికి ఆ బయం లేదు. మా ఆకు రాలిన చోటే మురిగి నీళ్లు పట్టుకుంటది. అందుకే ఊట మా కొండ మీదే పుట్టింది. మీ చెట్ల కింద గుక్కెడు నీళ్లు దొరుకుతయ్యా? గొంతెండి సచ్చిపోవాల్సిందే."

ఎంత కష్టంలో ఉన్నా, సరళావతి వాడి ముందు సరళాన్ని తక్కువ చేసి మాట్లాడితే ఊరుకుంటాడా? శరభుడికి రోషం పొడుచుకొచ్చింది. "నీళ్లు లేకపోతేనేం? మా చెట్టు లేకపోతే ఊళ్లో ఇల్లు లేచేదా? దూలం మాది, వాసం మాది, ఓడకు నిలువుకొయ్య మాది. చీకటి పడితే కాగడా మాది. పడవ పగులుకు పూసే బంక మాది. నాటినవాడి కళ్లముందే కోతకు వస్తుంది మా చెట్టు. మీది ఎప్పటికి ఎదగాలి, ఎప్పటికి అక్కరకు రావాలి?"

ముత్తవ్వ పళ్లులేని నోటితో పకపకా నవ్వింది. "ఓడకి నిలువుకొయ్య నీది, నీళ్లలో నానే అడుగు ఎవరిది? ఇంటికి వాసం నీది, కోట తలుపు ఎవరిది? ఏనుగు వచ్చి గుద్దినా ఇరగని తలుపు? మీ కట్టె బగ్గుమని లేచి చప్పున చల్లారుద్ది. మా నిప్పు పొద్దుగూకి కప్పెడితే తెల్లారి లేపొచ్చు. కాయ పందులకి, ఆకు మేకలకి, బెరడు తోళ్లకి. ఆగు, అంబట్లోకి ఉప్పు తెత్తా."

లోపలికి వెళ్లింది. ఉప్పుతో బయటికి వచ్చింది. శరభుణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరు నాయనా? ఏ ఊరోడివి? మొకమంతా మసేందీ?"

శరభుడికి నోట్లో అంబలి చేదైంది. సంవత్సరం నుంచి చూస్తున్నదే, అయినా ప్రతిసారీ కొత్తగానే గుచ్చుకుంటుంది. మళ్లీ చెప్పాడు. ఆమె మళ్లీ కూర్చోమంది, మళ్లీ ఇంకో చిప్పలో అంబలి పోసింది, పక్కనున్న మొదటి చిప్పను చూసి "ఇదెవరు పెట్టారు చెప్మా?" అని ఆశ్చర్యపోయింది. మళ్లీ సరళాన్ని ఎత్తిపొడిచింది. ఈసారి శరభుడు వాదించలేదు. ఎత్తిపొడుపైనా సరే, తనతో ఒక మనిషి మాట్లాడుతోంది. ఆమె చూపు పక్కకు పోకుండా ఉంటే చాలునని బతిమాలుతున్నట్టు, "అయితే మీ చెట్టును ఎలా పెంచుతావవ్వా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు ముత్తవ్వ ముఖం వెలిగింది. అతడి చెయ్యి పట్టుకుని గుడిసె పక్కకు తీసుకుపోయింది. అక్కడ జానెడు జానెడు సింధూరపు పిల్లలు, ఒక్కోదాని చుట్టూ వలయంగా నిలబెట్టిన సరళపు మొక్కలు.

"మీరు సరళాన్ని నారు పోసి పీకి నాటతారు కదా. దీన్నట్టా పీకావో, సచ్చిందే. కాయ రాలినాక ఎండనియ్యకుండా, ఎక్కడ ఉండాలో అక్కడే గుచ్చాల. మొదటేడు పైకి బెత్తెడు, కిందికి మూరెడు. ముందు కాలు నిలదొక్కుకుంటది, ఆనక తలెత్తుద్ది. ఒట్టిగా వదిలేత్తే అడ్డంగా కొమ్మలేసి కూకుంటది. అందుకని చుట్టూ మీ సరళం పెడతా. అయ్యి ఎండకోసం పైకి ఉరుకుతయ్, వాటి పోటీ మీద ఇది కూడా నిక్కి లేత్తది. దాదులంటా నేను వాటిని."

"దాదులా! మా చెట్టు మీ చెట్టుకు దాదా?" శరభుడికి సంవత్సరంలో మొదటిసారి నవ్వొచ్చింది. "మరి పిల్ల పెద్దదయ్యాక?"

"దాదుల్ని కొట్టేత్తా. కొట్టకపోతే నీడపడి పిల్ల సత్తది. దాదిని కొడితే బెంగలేదు. మోడు మళ్లీ లేచేది కాదు, పోయిందంటే పోయిందే."

"ఏ చెట్టయినా అంతే కదవ్వా. నరికాక ఇంకెక్కడి చెట్టు?"

"ఓరి నీ తెలివి తెల్లారా! మా చెట్టుకి ఆ మాట చెల్లదు. దీన్ని సంపాలంటే నరకడం కాదు, మానుచుట్టూ బెరడు..."

బానల వైపు నుంచి మేక ఒకటి మే అని అరిచింది. ముత్తవ్వ గబుక్కున అటు తిరిగి, నానిన తోలు కొరుకుతున్న మేకను అదిలించి, ఇటు తిరిగింది.

"ఎవరు నాయనా? ఏ ఊరోడివి?"

"బెరడు అంటున్నావవ్వా, బెరడు ఏం చెయ్యాలి?"

"నేనేం అన్నాను? నువ్విప్పుడేగా వచ్చావు. బెరడైతే తోళ్లకి నానబెడతాం. కూకో, అంబలి తాగుదువు గాని."

మూడో చిప్ప కూడా వచ్చింది. ఆమె చెప్పబోయింది కూడా తోళ్ల సంగతే కాబోలునని శరభుడు సరిపెట్టుకున్నాడు. పొద్దెక్కుతోంది. కడుపు నిండింది గాని గుండెలో వెలితి అలాగే ఉంది. ముసలామె మేక వైపు తిరిగినప్పుడు చప్పుడు చేయకుండా దణ్ణం పెట్టి, ఆమె మనసులో తన జాడ లేకుండానే అడవిలోకి సాగిపోయాడు.

ముసలి సింధూరం కనబడడానికి ఎంతో దూరం పోనక్కరలేకపోయింది. ఆ చుట్టుపక్కల మరో చెట్టు తల ఎత్తలేదు. ఒక్కో కొమ్మ ఒక్కో చెట్టంత. పదిమంది చేతులు కలిపినా చుట్టుముట్టలేని బోదె. దాని మొదట్లో, రాలిన కాయలను పటపట కొరుకుతూ, ఏనుగు గున్నంత అడవిపంది! కొడవళ్లలాంటి కోరలు, నిప్పుల్లాంటి కళ్లు. శరభుడి వాసన పసిగట్టగానే అది తల దించి, భూమి అదిరేలా దూకింది.

శరభుడు పక్కకు ఉరికాడు. పంది వడి ఆపుకోలేక ముందుకు పోయి, మట్టి చిమ్ముతూ తిరిగింది. రెండోసారి దూకినప్పుడు కోర అంచు అతడి తొడను చీరింది. ఈసారి శరభుడు పారిపోలేదు. సింధూరపు బోదెకు వీపు ఆనించి నిలబడి, "రావే!" అని కేక పెట్టాడు. పంది గాలిలా వచ్చింది. కోరలు రొమ్ముకు తగలబోయే క్షణంలో పై కొమ్మ అందుకుని కాళ్లు ముడుచుకున్నాడు. సరళానికైతే అందేంత కిందికి కొమ్మ ఎక్కడిది? సింధూరం అందించింది. ఫెళ్లుమని పంది కోరలు బోదెలో దిగిపోయాయి. మెత్తటి కట్టె అయితే లాక్కునేదే. ఇది ఉక్కు పిడికిలి. పంది గింజుకుంది, గుర్రుమంది, నాలుగు కాళ్లతో నేల తవ్వింది, కోరలు ఊడిరాలేదు.

శరభుడు కిందికి దూకి, అటువైపు నుంచి గొడ్డలి ఎత్తాడు.

సరళం మీద పడ్డ గొడ్డలి వెన్నలో కత్తి. సింధూరం మీద మొదటి వేటుకే చేతులు భుజాల దాకా జివ్వుమన్నాయి. రెండో వేటుకు రవ్వంత చెక్క లేచింది. మధ్యాహ్నం అయింది, ఎండ వాలింది, అరచేతులు పగిలి పిడి ఎర్రబడింది. మరో వింత ఏమిటంటే, తడి కట్టె తగిలినచోటల్లా గొడ్డలి ఇనుము మసిబొగ్గులా నల్లబడుతోంది. ఆకుతో తుడిస్తే పోలేదు, ఇసుకతో రుద్దినా పోలేదు, పైగా ఆ నలుపు చేతులకూ అంటింది. పుట్టి బుద్ధెరిగి సరళాన్ని నరికిన ఏ గొడ్డలీ ఇలా కావడం శరభుడు చూడలేదు. మాంత్రికుడి పాపమే నల్లగా ఊరుతోందనుకున్నాడు. అది ఆ చెట్టు పసరు గుణమేనని చెప్పడానికి పక్కన మనిషి లేడు.

చివరికి ఆ మహావృక్షం ఒక్క నిట్టూర్పు విడిచి, పక్కకు ఒరిగి, కొండ దద్దరిల్లేలా కూలింది. కోరలతో సహా పంది మట్టిముద్దలై రాలిపోయింది. ఆకాశంలో ఎక్కడి నుంచో అగ్నికాకి గిరికీలు కొడుతూ వచ్చి, శరభుడి కాళ్ల దగ్గర గుప్పెడు బూడిదై పడింది.

"కూలాడు! జంబుకాక్షుడు కూలాడు!" అని శరభుడు గొంతు చించుకుని అరిచాడు. విని సంతోషించడానికి ఆ కొండ మీద ఎవరూ లేరు. అతడి కేక అతడికే తిరిగి వచ్చింది.

సరళావతిలో ఒక ఆచారం ఉంది. పెద్ద చెట్టును కొట్టినవాడు దాని మోడుకు బంక పూసి, అరచెయ్యి ఆనించి, "నీ పని నువ్వు చేశావు, ఇక విశ్రమించు" అని వీడ్కోలు చెప్పాలి. ఎందుకంటే ఆ మోడు ఇక ఎన్నటికీ చిగిర్చదు. శత్రువు ప్రాణం దాచిన చెట్టయినా చెట్టే కదా అనుకున్నాడు శరభుడు. కొమ్ములోని బంకనంతా ఆ తడి మోడు మీద వంపి, గాలీ ఎండా సోకకుండా చేత్తో శ్రద్ధగా మెత్తాడు. "ఇక విశ్రమించు" అన్నాడు. ఆ మాట అంటూంటే ఎందుకో కళ్లు చెమర్చాయి.

ఊటలో ముఖం కడుక్కుంటూ నీడ చూసుకున్నాడు. ఇంకా ఆ పరాయి ముఖమే. కోటకు చేరేలోగా మారుతుందిలే అని తనకు తానే ధైర్యం చెప్పుకుని, కొండ దిగి, కాలిన వనం దాటి, రాత్రంతా నడిచాడు.

తెల్లవారి సరళావతి కోట కనబడింది. తోరణాలు ఉండవలసిన చోట తెల్లజెండాలు వేలాడుతున్నాయి. నగారాలు లేవు. జనం మూగి నది ఒడ్డుకు నడుస్తున్నారు. శరభుడు ఒక నేతగాణ్ణి ఆపి అడిగాడు.

"ఇంకేం చెప్పమంటావయ్యా!" అతడు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "నిన్న పొద్దువాలినప్పుడు మన యువరాజు శరభులవారు నిండు కొలువులో రత్నపీఠం మీద నుంచి అలా ఒరిగిపోయారు. మళ్లీ లేవలేదు."

శరభుడికి అర్థమైంది. మాంత్రికుడు చచ్చాడు. నిజమే. కాని తన ముఖంతో చచ్చాడు!

నది ఒడ్డున సరళపు దుంగలతో చితి పేర్చి ఉంది. దాని మీద, గంధం పూసిన తన నుదురు, తన ముక్కు, తన మూసిన కళ్లు. ఊరు ఊరంతా తన కోసం గుండెలు బాదుకుంటోంది, తన భుజాన్ని రాసుకుంటూ నిలబడి కూడా. ఒకడు తన వేటల గురించి, మరొకడు తన దానాల గురించి చెప్పుకుని ఏడుస్తున్నారు. తనమీద ఇంత ప్రేమ ఉందని శరభుడికి ఇన్నాళ్లూ తెలియదు. తెలిసిన రోజున అందులో ఒక్క చుక్క కూడా తనదాకా రాదు.

చితి పక్కన ఇసుకలో హైమవతీదేవి కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పూడిపోయింది, పెదవులు పగిలిపోయాయి. దాసీలు దగ్గరికి పోవడానికి జంకుతున్నారు. శరభుడు ఆకు దొన్నెతో నది నీళ్లు పట్టుకుపోయి మోకాళ్ల మీద వంగాడు.

"అమ్మా, కాసిని నీళ్లు తాగు."

ఊళ్లో అందరూ రాణిని అమ్మా అనే పిలుస్తారు. ఆ పిలుపులో ఆమెకు ప్రత్యేకంగా ఏమీ వినబడలేదు. దొన్నె అందుకుని తాగింది, అతడి ముఖంలోకి ఒకసారి చూసింది, చూపు చితి వైపు తిప్పుకుంది. అంతటితో సరి. శరభుడు లేచి జనంలోకి వెనక్కి నడిచాడు. కొండ మీద, గుహలో, పూటకూళ్ల ఇళ్లలో పడ్డ ఒంటరితనమంతా ఒక ఎత్తు, ఆ పది అడుగులూ ఒక ఎత్తు.

మంత్రి చితికి నిప్పు పెట్టాడు. బంక నిండిన సరళం కదా, ఆకాశమంత మంట లేచింది. సరళం కదా, చూస్తూండగానే చప్పున చల్లారింది కూడా. జనం బూడిద వైపు తొంగిచూసి కెవ్వుమన్నారు.

కళేబరం కాలలేదు. నల్లటి మోడులా అలాగే పడి ఉంది. దాని రొమ్ము మీద పచ్చగా ఒక చిగురు! దాని పక్కన మరొకటి, డొక్కలో ఇంకొకటి. చిగుళ్లు కొమ్మలయ్యాయి, కొమ్మలకు చేతులు మొలిచాయి, చేతులకు కంకణాలు, నడుములకు ఖడ్గాలు, తలలకు పాగాలు. కన్నుమూసి తెరిచేలోగా బూడిదలో నుంచి ఏడుగురు యువరాజులు లేచి నిలబడ్డారు. ఏడుగురిదీ శరభుడి ముఖమే.

"మా చెట్టుకి ఆ మాట చెల్లదు." ముత్తవ్వ గొంతు శరభుడి చెవిలో గింగురుమంది. నరికితే సరళం చస్తుంది. సింధూరం చావదు, మోడు నుంచి మరింత గుబురుగా లేస్తుంది. దాన్ని చంపాలంటే మానుచుట్టూ బెరడు ఒలిచి, నిలువునా ఎండబెట్టాలి. ఆమె చెప్పబోయింది అదీ! పైగా తాను చేసిందేమిటి? ఎండిపోకుండా, పుచ్చిపోకుండా, స్వయంగా బంక పూసి, విశ్రమించమని దీవించి మరీ వచ్చాడు. ఒక్క శత్రువును ఏడుగురిని చేశాడు.

"ప్రజలారా, భయపడకండి!" ఏడు నోళ్లు ఒక్కసారిగా పలికాయి. "దైవం మీకు ఒక్క శరభుడికి మారుగా ఏడుగురిని ప్రసాదించింది. కాని మా మీద చెయ్యి చేసుకున్న ద్రోహి ఈ గుంపులోనే ఉన్నాడు. వాడి ముఖం గుర్తుపట్టనవసరం లేదు. సరళాన్ని నరికే గొడ్డలి నల్లబడదు. నల్లగొడ్డలి ఎవరి భుజాన ఉందో పట్టుకోండి!"

భటులు కత్తులు దూసి జనంలోకి చొరబడ్డారు. శరభుడు తడబడలేదు. గొడ్డలిని మెల్లగా భుజం మీద నుంచి జార్చి, కాలితో ఇసుక కప్పాడు. ఇక తాను ఎవరూ కాదు. భటుడు ఎదురుగా వచ్చి ముఖంలోకి చూశాడు, ఒట్టి భుజాలు చూశాడు, ముందుకు పోయాడు. ఆ దిక్కుమాలిన ముఖం మొట్టమొదటిసారి కవచంలా పనికొచ్చింది. ఇలాగే జనంలో కలిసి జారుకుంటే సాయంత్రానికి కొండ చేరవచ్చు, ముత్తవ్వను అడిగి బెరడు ఒలిచే కత్తి తీసుకోవచ్చు. పౌర్ణమికి ఇంకా వ్యవధి ఉంది.

అతడు ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండోది వేయబోతూ ఆఖరిసారి తల్లి వైపు చూశాడు.

హైమవతీదేవి లేచి నిలబడి ఉంది. ఏడుగురు కొడుకులు చేతులు చాపి "అమ్మా" అంటూ దగ్గరికి వస్తుంటే ఆమె వాళ్ల వైపు పోలేదు. ఒక్కొక్కరినే పరకాయించి చూసింది. "నేను కన్నది ఒక్కణ్ణే" అని గొణిగింది. తడబడే అడుగులతో వెనక్కి తిరిగి, జనాన్ని తోసుకుంటూ, తిన్నగా శరభుడి ముందుకు వచ్చి ఆగింది. చెయ్యి చాపి అతడి మణికట్టు పట్టుకుంది.

"ఇందాక నాకు నీళ్లిచ్చింది నువ్వే కదూ, నాయనా?"

నీళ్లు తాగాక ఆమె చూపు తిప్పుకుంది. చితినీ మంటనూ ఏడుగురినీ చూసింది. అయినా గుర్తుంది! కొడుకని కాదు, యువరాజని కాదు, నీళ్లిచ్చిన మనిషిగా గుర్తుంది. మాను కూలినందుకు మాంత్రికుడి కట్టు ఆమేరకు వదులైందన్నమాట. ఒక మనిషి మనసులో, సంవత్సరం తరువాత, తనకు ఇంత చోటు దొరికింది.

ఆమె ఎవరితో మాట్లాడుతోందా అని ఏడు తలలూ ఒక్కసారిగా ఇటు తిరిగాయి. ఏడు జతల కళ్లు ఆమె పట్టుకున్న చేతి మీద, ఆ చేతికి అంటిన నల్లటి పసరు మరక మీద వాలాయి. ఒరల్లో నుంచి ఏడు ఖడ్గాలు ఒక్క చప్పుడుతో బయటికి వచ్చాయి.

పారిపోవాలంటే ఇదే అదను. చెయ్యి విదిలించుకుని నదిలోకి దూకితే చాలు. కాని దూకాలంటే ఆమె చూపు నుంచి తప్పుకోవాలి. శరభుడు తల్లి చేతి మీద తన రెండో చెయ్యి వేశాడు.

"అవునమ్మా, నేనే" అన్నాడు.

ఆ తరువాతే ఇసుకలోని గొడ్డలి కోసం వంగాడు.